ఏ ఊళ్లో దిగినా పనిలోకి దిగినవాడు

2023 జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ జరిగినన్నాళ్లూ నా చూపు బంతిని వదిలి పక్కనున్న బెంచీల మీదికి పోయేది. మయామీ హీట్ బెంచీ మీద యుడోనిస్ హాస్లెమ్ కూర్చునేవాడు. మయామీలోనే పుట్టి, అక్కడే పెరిగి, ఇరవై సీజన్లూ ఆ ఊరి జట్టుకే ఆడిన ఫార్వర్డ్. మూడో ఆట చివర్లో, 43వ పుట్టినరోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు, అరనిమిషం పాటు బరిలోకి దిగి, ఫైనల్స్ ఆడినవాళ్లందరిలోకీ పెద్ద వయసువాడిగా లెక్కకెక్కాడు. ఎదుటి బెంచీ మీద, డెన్వర్ నగెట్స్ వైపు, జెఫ్ గ్రీన్. అతనూ ఫార్వర్డే. అప్పటికి 36 ఏళ్లు. డెన్వర్ అతనికి పదకొండో ఫ్రాంచైజీ.

హాస్లెమ్ గురించి ఆ రోజుల్లో చాలామంది రాశారు, రాయదగ్గ మనిషే. మరుసటి ఏడాది మయామీ అతని 40వ నంబరు జెర్సీని స్టేడియం కప్పుకు వేలాడదీసింది. జెఫ్ గ్రీన్ జెర్సీని అలా వేలాడదీయడానికి ఏ ఊరికీ కారణం కనిపించదు. ఎక్కడా అంతకాలం ఉండలేదు. బాస్కెట్‌బాల్ అభిమానులు ఇలాంటి ఆటగాళ్లను ప్రస్తావించేటప్పుడు గొంతులో కాస్త జాలి పలుకుతుంది. ఊరూరా తిరిగాడట, ఎవరూ అట్టే పెట్టుకోలేదట అన్న ధోరణి. ఆ జాలి తప్పని నా నమ్మకం. పదకొండు చోట్ల వద్దనిపించుకున్నాడనే బదులు, పదకొండు చోట్ల కావాలనిపించుకున్నాడని ఎందుకు అనుకోకూడదు?

గ్రీన్ వాషింగ్టన్ శివార్లలో, మేరీల్యాండ్‌లో పెరిగాడు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 2007లో ఆ జట్టు దేశంలోని కాలేజీ జట్లలో చివరి నాలుగింటిలో నిలిచింది. దారిలో వాండర్‌బిల్ట్‌తో జరిగిన ఆటను ఒక్క పాయింటు తేడాతో గెలిపించిన చివరి షాట్ అతనిదే. ఆ జూన్ 28న ఎన్‌బీఏ డ్రాఫ్ట్. కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చే కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే రాత్రి అది. బోస్టన్ సెల్టిక్స్ అతన్ని అయిదో ఆటగాడిగా ఎంచుకుంది. తెల్లారేలోపే సియాటిల్ సూపర్‌సోనిక్స్‌కు ఇచ్చేసింది. బదులుగా బోస్టన్‌కు దక్కినవాడు అప్పటికే తార అయిన రే ఆలెన్. బోస్టన్ మరుసటి ఏడాదే ఆలెన్, గార్నెట్, పియర్స్‌లతో చాంపియన్ అయింది. అంటే ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఉద్యోగంలో చేరకముందే మరొకరి ధరలో భాగమయ్యాడు.

సియాటిల్‌కు అదే ఏడాది, అతనికన్నా ముందు రెండో ఆటగాడిగా ఎంపికైనవాడు కెవిన్ డ్యురాంట్. ఇద్దరూ ఒకే జట్టులో తొలి ఏడాది ఆడారు. గ్రీన్ ఆ ఏటి కొత్త ఆటగాళ్లలో మొదటి వరస అయిదుగురిలో ఒకడు. కానీ అతను ఆ ఊరికి అలవాటు పడేలోపే ఊరే జట్టును పోగొట్టుకుంది. 1967 నుంచి సియాటిల్‌లో ఉన్న సోనిక్స్, 1979లో ఆ ఊరికి కప్పు తెచ్చిన సోనిక్స్, 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయింది. కొత్త స్టేడియం విషయంలో యజమానులకూ నగరానికీ కుదరలేదు. కోర్టు దాకా వెళ్లి, 4.5 కోట్ల డాలర్లకు రాజీపడి, జట్టును తీసుకెళ్లారు. ఆటగాళ్లు వదిలేసి పోతారని బాధపడే అభిమానులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జట్లు కూడా వదిలేసి పోతాయి.

ఆటగాడి మార్పిడి ఎలా జరుగుతుందో తెలిస్తే గ్రీన్ జీవితం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎన్‌బీఏలో ఆటగాడు ఒప్పందం మీద సంతకం పెట్టాక, ఆ ఒప్పందాన్ని మరో జట్టుకు అప్పగించే హక్కు యాజమాన్యానిదే. తన సమ్మతి లేకుండా పంపకూడదన్న షరతు రాయించుకోగలిగినవాళ్లు ఏ కాలంలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పైగా జీతాల పరిమితి ఉంది. పరిమితి దాటిన జట్టు ఒక ఆటగాడిని తెచ్చుకోవాలంటే, దాదాపు అంత జీతమున్న మనిషినో మనుషులనో పంపాలి. ఇద్దరు తారల మధ్య లెక్క సరిపోకపోతే పక్కనున్నవాళ్లను కలిపి సరిపెడతారు. ఫిబ్రవరిలో గడువు దగ్గరపడుతున్న కొద్దీ ఫోన్లు మోగుతుంటాయి. కొందరికి ఏజెంటు చెబుతాడు, కొందరు టీవీలో చూసి తెలుసుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో కొత్త ఊరికి విమానం ఎక్కాలి. అక్కడ వైద్య పరీక్షలు పూర్తయితేనే మార్పిడి ఖాయం. పిల్లల బడి, ఇంటి అద్దె, ఇల్లాలి ఉద్యోగం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. పేరూ ఊరూ ఉన్న మనిషి కొన్ని గంటలపాటు జమాఖర్చులో ఒక అంకె అయిపోతాడు. డబ్బు దండిగా ఇస్తారు కదా అంటారు. ఇస్తారు. నిన్న రాత్రి దాకా తమ్ముడిలా చూసుకున్న తోటి ఆటగాడిని పొద్దున ఎదురు జట్టులో చూడాల్సి రావడం అనే బాధకు మాత్రం డబ్బు మందు కాదు.

2011 ఫిబ్రవరి 24న గ్రీన్‌కు అలాంటి ఫోనే వచ్చింది. ఓక్లహోమా సిటీ అతన్నీ నెనాద్ క్రిస్టిచ్‌నూ బోస్టన్‌కు పంపి, కెండ్రిక్ పెర్కిన్స్‌నూ నేట్ రాబిన్సన్‌నూ తీసుకుంది. పెర్కిన్స్ బోస్టన్ వాళ్లకు ఇంటి మనిషి, కప్పు గెలిచిన జట్టులో సెంటర్. అతన్ని పంపేసినందుకు ఊరు ఊరంతా నొచ్చుకుంది. ఆ కోపం మధ్యలోకి గ్రీన్ దిగాడు. అతను చేసిన తప్పేమీ లేదు. అయినా పోయినవాడి ఖాళీలోకి వచ్చినవాడిని ఎవరు మనసారా పలకరిస్తారు?

ఆ ఏడాది డిసెంబరులో అంతకన్నా పెద్ద కబురు. కొత్త ఒప్పందానికి ముందు చేసే మామూలు వైద్య పరీక్షలో, గుండె నుంచి బయలుదేరే మహాధమని మొదట్లో ఉబ్బిందని తేలింది. అది ఎప్పుడు చిట్లుతుందో ఎవరూ చెప్పలేరు. చిట్లితే నిమిషాల వ్యవధి. ఒప్పందం రద్దయింది. 2012 జనవరి 9న క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ లార్స్ స్వెన్సన్ ఆపరేషన్ చేశారు. ఛాతీ ఎముకను నిలువునా తెరిచి చేసే ఆపరేషన్. అప్పటికి గ్రీన్ వయసు పాతికేళ్లు.

బోస్టన్‌లో ఈ కబురు విన్న పెద్దవాళ్లకు ఇంకొక పేరు గుర్తొచ్చి ఉంటుంది. రెజ్జీ లూయిస్. సెల్టిక్స్ కెప్టెన్. 1993 ప్లేఆఫ్స్‌లో షార్లెట్‌తో ఆడుతూ కుప్పకూలాడు. అతని గుండె మీద డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ జులై 27న, బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో సాధన చేస్తూ పడిపోయి మళ్లీ లేవలేదు. 27 ఏళ్లకే. అంత పొడుగు మనుషులు, అంత పరుగు, అంత ఒత్తిడి. ఆ ఆట గుండెను ఎంతగా అడుగుతుందో లూయిస్ మరణం తర్వాత ఆ నగరం మరిచిపోలేదు. గ్రీన్ విషయంలో పరీక్ష ముందే పట్టుకుంది. రెండు నెలలకు అదే సెల్టిక్స్‌లో క్రిస్ విల్‌కాక్స్‌కూ మహాధమని పెరిగిందని తేలి, అతనూ క్లీవ్‌లాండ్‌కే వెళ్లాడు. మనం విసుక్కునే వైద్య పరీక్షల కాగితాల గురించి, ఒక సంతకం కోసం చేసే ఆ తతంగం గురించి ఆలోచించినప్పుడల్లా ఈ ఇద్దరూ గుర్తొచ్చి, ఆ పరీక్ష గదులకు దండం పెట్టాలనిపిస్తుంది.

కోలుకుంటున్న నెలల్లో గ్రీన్ జార్జ్‌టౌన్‌లో మిగిలిపోయిన చదువు పూర్తిచేసి 2012 మేలో పట్టా అందుకున్నాడు. ఆ జూన్‌లో అతని పాత జట్టు ఓక్లహోమా సిటీ ఫైనల్స్ ఆడింది. డ్యురాంట్ ఉన్నాడు, గ్రీన్‌కు బదులుగా వెళ్లిన పెర్కిన్స్ ఉన్నాడు. తను ఉండాల్సిన చోట తను లేకుండా పండగ జరుగుతుంటే, మానుతున్న ఛాతీతో చూడటం ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించడానికి కూడా సంకోచిస్తాను.

మళ్లీ వచ్చాడు. 2013 మార్చి 18న బోస్టన్‌లో, వరసగా ఇరవై రెండు ఆటలు గెలిచి ఊపుమీదున్న మయామీ మీద 43 పాయింట్లు చేశాడు. ఆ ఆట మయామీయే రెండు పాయింట్లతో గెలిచింది, లెబ్రాన్ జేమ్స్ చివరి షాట్‌తో. కానీ ఆ రాత్రి గెలిచింది ఎవరని ఇప్పుడు అడిగితే నా జవాబు స్కోరు బోర్డులో ఉండదు. అదే నెలలో క్లీవ్‌లాండ్‌లో, తన ఛాతీని తెరిచి మూసిన ఊళ్లో, గంట మోగే క్షణాన బంతిని బుట్టలో వేసి ఒక్క పాయింటుతో బోస్టన్‌ను గెలిపించాడు. తర్వాతి సీజన్లో 82 ఆటలకు 82 ఆడాడు.

అప్పటి నుంచి అతని మీద ఒక ఫిర్యాదు మొదలైంది. ఒకరోజు 43 చేస్తాడు, మరొకరోజు ఏడు చేస్తాడు, నిలకడ లేదు అని. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఆరడుగుల ఎనిమిదంగుళాల ఎత్తు, గాల్లోకి లేచే శక్తి, చేతిలో చక్కని షాట్, ఇన్నీ ఉన్నవాడు ప్రతి రాత్రీ మొదటి వరస తార కావాలని జనం ఆశించారు. అతను కాలేదు. ఒక మనిషి అత్యుత్తమ దినాన్ని పట్టుకుని, మిగతా రోజులన్నిటికీ దాన్నే కొలబద్దగా పెట్టడం మనం పిల్లల మార్కుల దగ్గర్నుంచీ చేస్తూనే ఉన్నాం. మొదటి వరస తార కాకపోవడం వేరు, వమ్ము కావడం వేరు. గ్రీన్ రెండోది ఎన్నడూ కాలేదు.

2015 జనవరిలో మెంఫిస్, 2016 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్, ఆ జులైలో ఓర్లాండో. ఏడాదిన్నరలో మూడు ఊళ్లు. ఓర్లాండో ఏడాదికి 1.5 కోట్ల డాలర్లిచ్చింది. జట్టు బాగా ఆడలేదు, అతనూ బాగా ఆడలేదు. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌కు అనుభవజ్ఞుల కనీస వేతనానికి చేరాడు. ఈ కనీస వేతనంలో ఒక మేలైన ఏర్పాటు ఉంది. ఎన్నేళ్లు ఆడితే అంత ఎక్కువ కనీసం. అలాగని అనుభవం పెరిగిన మనిషి ఖరీదై జట్లు వద్దనుకోకుండా, ఒక ఏడాది ఒప్పందాల్లో ఆ అదనపు భాగాన్ని లీగ్ తానే భరిస్తుంది. జట్టు లెక్కలో అతను రెండేళ్ల అనుభవమున్న కుర్రాడి జీతానికే పడతాడు. ఆటగాళ్ల సంఘం, యజమానులు కూర్చుని కుదుర్చుకున్న ఈ చిన్న నిబంధన లేకపోతే, ముప్పై దాటిన ఎందరో మంచి ఆటగాళ్ల కథ ముందే ముగిసేది. వయసు పైబడిన పనివాడిని ఖరీదు పేరు చెప్పి ఇంటికి పంపకుండా కాపాడే తెలివి మన కంపెనీలు కూడా నేర్చుకుంటే ఎంత బాగుండు!

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. కొత్త బడిలో మొదటి రోజుల్లో నేనూ మా చెల్లీ చేసిన పని ఒక్కటే, చూడటం. ఏ బెంచీ ఎవరిది, ఏ మాస్టారికి ఏది నచ్చదు, ఆటల్లో ఎవరు లేక జట్టు కుంటుతోంది. కబడ్డీకి కాళ్లు పట్టేవాడు తక్కువైతే కాళ్లు పట్టడం నేర్చుకున్నాను. గోళీలాటలో నాకు పేరుండేది పాత ఊళ్లో, ఇక్కడ దాని ఊసే ఎత్తలేదు. ఊరు మారే మనిషికి ముందుగా కావలసిన విద్య అదే. పాత ఊరి గొప్పలను గుమ్మం బయట వదిలి, ఈ ఇంట్లో ఏది తక్కువైందో చూసి ఆ పని అందుకోవాలి. తిరిగే కాలు ఊరకుండదని మన సామెత కాస్త చిన్నచూపుతో అంటుంది. నిలబడినవాడికి రాని కొన్ని సంగతులు ఆ కాలికి తెలుస్తాయని మా ఇంట్లో అందరికీ తెలుసు.

గ్రీన్ ఆటలో నాకు కనిపించేది ఇదే. బోస్టన్‌లో పాయింట్లు చేయమంటే చేశాడు. 2020లో హ్యూస్టన్‌లో అడిగింది పూర్తిగా వేరు. అంతకు ముందు యూటా జాజ్ అతన్ని సీజన్ మధ్యలో, డిసెంబరులో వదిలేసింది. ఫిబ్రవరిలో హ్యూస్టన్ రాకెట్స్ పది రోజుల ఒప్పందం మీద పిలిచింది. పది రోజులంటే నాలుగైదు ఆటలు. నచ్చితే మరో పది రోజులు, ఆపైన ఉంచుకోవాలంటే సీజన్ చివరిదాకా సంతకం పెట్టాల్సిందే. పన్నెండేళ్లనాడు డ్రాఫ్ట్‌లో అయిదో స్థానంలో ఎంపికైన మనిషి, గుండె ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చి 43 పాయింట్లు చేసిన మనిషి, పది రోజుల పరీక్షకు కూర్చున్నాడు. హ్యూస్టన్ అప్పుడే తమ ఆరడుగుల పదంగుళాల సెంటర్ క్లింట్ కపేలాను పంపేసి, పొడుగువాళ్లు లేకుండా ఆడే ప్రయోగంలో ఉంది. గ్రీన్‌ను సెంటర్‌గా నిలబెట్టారు. తనకన్నా నాలుగంగుళాల పొడుగు, పాతిక కిలోల ఎక్కువ బరువున్నవాళ్లను భుజంతో ఆపుతూ, అటువైపు పరుగెత్తి మూడు పాయింట్ల షాట్లు వేశాడు. పది రోజులు కాస్తా సీజనంతా అయ్యాయి. ఒకప్పుడు మూడో స్థానం ఫార్వర్డ్, నాలుగో స్థానం ఫార్వర్డ్ అని గిరిగీసి ఆడేవారు. ఆట మారి ఆ గీతలు చెరిగిపోతున్న కాలంలో, గీతలు దాటగల శరీరమూ, దాటడానికి ఒప్పుకునే మనసూ రెండూ అతనికున్నాయి. రెండోది అరుదు.

క్లీవ్‌లాండ్ కనీస వేతనం ఏడాదిలోకి ఒకసారి వెనక్కి వెళ్లాలి. 2018 మే 27, మనకు 28 సోమవారం తెల్లవారుజాము. తూర్పు విభాగం ఫైనల్, ఏడో ఆట, బోస్టన్ గడ్డ మీద. ఓడినవాళ్లు ఇంటికి. తోటి ఆటగాడు కెవిన్ లవ్ తలకు దెబ్బ తగిలి ఆడలేని స్థితి. అతని స్థానంలో మొదటి అయిదుగురిలో గ్రీన్ దిగాడు. తనను తీసుకుని, పంపి, మళ్లీ తీసుకుని, ప్రాణం నిలబెట్టే పరీక్ష చేయించి, మళ్లీ పంపేసిన ఊరు అది. అప్పటికి క్లీవ్‌లాండ్‌లో ఉన్న లెబ్రాన్ జేమ్స్ 48 నిమిషాలూ ఆడి 35 పాయింట్లు చేశాడు. గ్రీన్ 19 చేశాడు. క్లీవ్‌లాండ్ 87, బోస్టన్ 79. ఆ 19 లేకపోతే క్లీవ్‌లాండ్ ఫైనల్స్ మొహం చూసేది కాదని స్కోరు తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. ఆట అయ్యాక మైక్ పట్టుకున్నవాళ్లంతా లెబ్రాన్ చుట్టూ మూగారు, న్యాయమే. నేను మాత్రం ఆ రోజంతా ఆఫీసులో కనపడినవాడికల్లా గ్రీన్ గురించే చెప్పాను.

హ్యూస్టన్ తర్వాత, మళ్లీ డ్యురాంట్ పక్కన ఆడిన బ్రూక్లిన్‌లోనూ అంతే. 2021 జూన్ 15న మిల్వాకీతో ప్లేఆఫ్స్ అయిదో ఆట. జట్టు తారల్లో కైరీ ఇర్వింగ్‌కు గాయం, జేమ్స్ హార్డెన్ కుంటుతూ ఆడుతున్నాడు. డ్యురాంట్ 49 పాయింట్లు, 17 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లతో ఒంటి చేత్తో ఆడాడని చరిత్రలోకెక్కింది. రెండో చెయ్యి గ్రీన్‌ది. 27 పాయింట్లు, మూడు పాయింట్ల షాట్లు ఎనిమిదికి ఏడు. సియాటిల్‌లో ఒకే ఏడాది అడుగుపెట్టిన ఇద్దరు కుర్రాళ్లు, పద్నాలుగేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకో రంగు జెర్సీల్లో.

ఆ పైన డెన్వర్. నికోలా యోకిచ్, జమాల్ మర్రీ నడిపే జట్టులో గ్రీన్ బెంచీ మీంచి వచ్చేవాడు. 2023 జూన్ 12న డెన్వర్ 94-89తో మయామీని ఓడించి, 4-1తో కప్పు గెలిచింది. 1976లో ఎన్‌బీఏలో చేరిన ఆ జట్టుకు అదే మొదటి కప్పు. గ్రీన్‌కూ అదే మొదటిది. అదే బెంచీ మీద ఇష్ స్మిత్ అనే గార్డ్ కూడా ఉన్నాడు. పదమూడు ఫ్రాంచైజీలకు ఆడి రికార్డు సృష్టించినవాడు. ఇద్దరూ కలిసి తిరిగిన ఊళ్లతో అమెరికా పటం సగం నిండుతుంది. ఆ రాత్రి హాస్లెమ్ ఓడిన జట్టు బెంచీ మీద తన ఊరి జెర్సీలో చివరిసారి కూర్చున్నాడు. అప్పటికే మూడు కప్పులు గెలిచినవాడు, అతని పట్ల నా గౌరవం ఇసుమంత తగ్గదు. ఒకడు ఊరికి కట్టుబడ్డాడు, మరొకడు ఆటకు. రెండింటిలో ఏది పెద్ద నిష్ఠ అని తూచడం నాకు చేతకాదు. తూచాల్సిన అవసరమూ కనిపించదు. మొదటిదాన్ని మాత్రమే నిష్ఠ అని పిలవడం మీదే నా అభ్యంతరం.

కప్పు గెలిచిన వేసవిలోనే గ్రీన్ మళ్లీ హ్యూస్టన్‌కు వెళ్లాడు. ఈసారి పది రోజులకు కాదు. ముందు సీజన్లో 22 ఆటలే గెలిచిన, పసివయసు ఆటగాళ్లతో నిండిన జట్టు అది. కొత్తగా వచ్చిన కోచ్ ఇమే ఉడోకా కూడా ఒకప్పుడు ఫార్వర్డే. లేకర్స్, నిక్స్, పోర్ట్‌లాండ్, శాన్ ఆంటోనియో, శాక్రమెంటో తిరిగినవాడు. ఇలాంటి మనిషి విలువ ఇలాంటి మనిషికే తెలుస్తుందనుకుంటాను. ఆ ఏడాది హ్యూస్టన్ 41 గెలిచింది, ఆ పై ఏడాది 52. గ్రీన్ ఆడే నిమిషాలు తగ్గుతూ వచ్చాయి, ఆ గెలుపులు అతని చలవేనని నేననను. కానీ 2025 వేసవిలో కెవిన్ డ్యురాంట్‌ను హ్యూస్టన్ తెచ్చుకున్నప్పుడు, గ్రీన్‌తోనూ 39వ ఏట మరో ఏడాదికి సంతకం పెట్టించుకుంది. ఆ జట్టులో అమెన్ థామ్సన్ అనే కుర్రాడున్నాడు, చిరుతలా పరుగెత్తుతాడు. గ్రీన్, డ్యురాంట్ సియాటిల్‌లో తొలి ఆట ఆడిననాటికి అతనికి నాలుగేళ్లు.